పేరు పడని విలేకరి

నందికొట్కూరు మండలం వార్తలు ఎనిమిదేళ్లుగా రాస్తున్నది బసవరాజేనని ఊళ్లో అందరికీ తెలుసు. పేపరు చూసి మాత్రం ఎవరూ ఆ సంగతి చెప్పలేరు. మండల విలేకరి పంపిన వార్త మీద ఊరి పేరు పడుతుంది గానీ మనిషి పేరు పడదు. అది పత్రిక రివాజు. ఇంటర్ తప్పి, పాత పేపర్ల కొట్లో పనికి కుదిరి, తూకానికొచ్చిన వారపత్రికలను కట్ట కట్టకముందే చదివేసి రాత నేర్చుకున్న మనిషి అతను. పేరుతో వేస్తారన్న ఆశతో ఆదివారం పేజీకి మూడు వ్యాసాలు పంపాడు. బాగాలేవని చెప్పినవాడు కూడా లేడు.

ఆ మార్చి శనివారం అతన్ని కర్నూలుకు పిలిపించారు. ఒక కాలేజీ హాల్లో హైస్కూలు పిల్లలకూ, బడిలో గోడపత్రికలు చూసుకునే టీచర్లకూ ఒకరోజు జర్నలిజం సదస్సు. పెట్టింది అతని పత్రికే. అతని పని ఫోటోలు తీయడం, పిల్లలను వెంటబెట్టుకుని తిప్పడం, సాయంత్రం వార్త పంపడం.

గుమ్మంలోనే కడుపు మండింది. నూరు మందికి పైగా పిల్లలు, ఒక్కొక్కరి మెడలో ఒక కార్డు. దాని మీద ‘విద్యార్థి విలేకరి’ అని, కింద పేరు. తన కార్డు కోసం బసవరాజు రెండేళ్లు ఆఫీసు మెట్లు ఎక్కి దిగాడు. లోపల ఒక పెద్దాయన ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని బోర్డు మీద రాసి చెబుతున్నాడు. పిల్లలు రాసుకుంటుంటే టీచర్లు వంగి చూసి తప్పులు దిద్దుతున్నారు. ఒక పిల్లాడి పెన్ను ఆగిపోతే ఇద్దరు టీచర్లు తమ పెన్నులు చాపారు. ఆ ఐదు ప్రశ్నలూ బసవరాజుకు ఎవరూ చెప్పలేదు. చినిగిన పత్రికల్లోంచి ఒక్కొక్కటీ ఏరుకోవడానికి ఏళ్లు పట్టింది. అతను వెనక గోడకు ఆనుకుని ఆ చాచిన పెన్నుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

అన్నాలయ్యాక పిల్లలను గుంపులు చేసి, గంటలో ఒక వార్త తెమ్మని ఊరి మీదికి వదిలారు. అతని గుంపులో సాజియా ఉంది. నందికొట్కూరులో పరుపులు కుట్టే మౌలా సాహెబ్ కూతురు, తొమ్మిదో తరగతి. అందరినీ సంత దగ్గరి ఆటోస్టాండుకు తీసుకుపోయాడు. అక్కడ కొత్తగా పెట్టిన చలివేంద్రం, తడిగుడ్డ చుట్టిన కుండలు, పైన ఎవరో నాయకుడి ఫ్లెక్సీ.

“రాసుకో పాపా. ఎవరు పెట్టించినారు, ఎవరు ప్రారంభించినారు, కుండలెన్ని. అంతే వార్త.” అలాంటివి అతను వందకు తక్కువ రాయలేదు.

సాజియా రాసుకోలేదు. “సార్, మగోళ్లు గ్లాసులు గ్లాసులు తాగుతాండారు. ఆడోళ్లు ఒక్కరూ తాగడం లేదేం సార్?”

“దప్పిక లేదేమో.”

“ఇంత ఎండలోనా?” అంటూనే కుండ దగ్గరికి పోయింది. అక్కడ గిడ్డమ్మ అనే ముసలామె నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తోంది.

“ఏమవ్వా, మింగకుండా ఊంచేస్తాండావు?”

“మింగితే యాడికి పోవాల పాపా? ఈడ మగోళ్లకు గోడలుండాయి, మాకేముండాది? ఊరు చేరేదాకా నాలిక తడుపుకునేదే.”

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. సాజియా పద్నాలుగు మందిని అడిగింది. బసవరాజు ఎండలో ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న తన నోట ఒక్కసారి కూడా రాలేదు.

హాల్లో సాజియా తన పేజీన్నర చదువుతుంటే ఎవరూ దగ్గలేదు. మొదటి బహుమతి ఆమెకే ఇచ్చారు. ఆమె టీచరు శివజ్యోతి ఆ కాగితాలు తెచ్చి బసవరాజు చేతిలో పెట్టింది. “అన్నా, ఇప్పుడే పేపరుకు పంపాలంట. పాప పేరు ఏసేది మర్చిపోవాకు.”

అతను మెట్ల మీద కూర్చుని ఫోనులో కొట్టాడు. తప్పుల కోసం వెతికాడు. రెండు దొరికాయి, సంతోషం వేసింది. ఒక వాక్యాన్ని తన పద్ధతిలో మార్చి చూశాడు, చచ్చుబడిపోయింది, మళ్లీ ఆమె మాటలే పెట్టాడు. చివర పేరు దగ్గర వేలు ఆగింది. పంపే వార్తకు పేరు రాయడం తనకు అలవాటు లేదు. అలవాటే అనుకుంటూ పంపేశాడు.

పది నిమిషాల్లో డెస్క్ ఇన్‌చార్జి యేసుప్రసాద్ ఫోను.

“ఏమప్పా బసవరాజూ, ఈ రాత ఇన్నాళ్లు యాడ దాచిపెట్టినావు? నువ్వేనా రాసింది?”

“నేనే సార్.”

“నీ పేరు పెట్టి మొదటి పేజీలో ఏస్తా. అయితే పేరుతో పోయేది గట్టిగా ఉండాల. ఆ గిడ్డమ్మది యా ఊరు? ఇంకో ఇద్దరి పేర్లు, ఏం పని చేస్తారో చెప్పు.”

“ఐదు నిమిషాల్లో చెప్తా సార్.”

ఎనిమిదేళ్లలో ఎవరూ అతన్ని అలా అడిగింది లేదు. ఇన్నాళ్లూ అతను పంపింది ఫ్లెక్సీల మీది పేర్లే, వాటి గురించి అడగాల్సిన అవసరమేముంది?

సాజియా స్నేహితులతో అరటిపండు తింటోంది. “పాపా, ఆ అవ్వది యా ఊరు?” అని అడిగాడు, ఊరికే అన్నట్టు.

ఆమె నోటుబుక్కు తెరిచింది. “ఉలిందకొండ దగ్గర పల్లె సార్. రామలక్ష్మమ్మ టమాటాలు అమ్ముతాది. అబీదా బీ ఆకుకూరలు. తెల్లారక ముందు వచ్చి రెండింటిదాకా నీళ్లు ముట్టదు. ఆమెకు ఒక జబ్బు కూడా వచ్చింది సార్. అది రాయొద్దు పాపా అన్నాది. నేను రాయలేదు.” తలెత్తింది. “పేపరోళ్లు అడిగినారా సార్?”

రాయకుండా వదిలేసింది కూడా ఆమె దగ్గరే ఉంది. యేసుప్రసాద్ ఇంకో ప్రశ్న వేస్తే తాను ఏం చెప్పగలడు? మళ్లీ ఈ పిల్ల దగ్గరికే రావాలి.

నంబరు నొక్కి ఫోను చాచాడు. “నువ్వే చెప్పు.”

“నమస్తే సార్. నేను సాజియా, తొమ్మిదో తరగతి. ఆ చలివేంద్రం వార్త నేనే రాసినా సార్…” అన్నింటికీ తడబడకుండా చెప్పి ఫోను తిరిగిచ్చింది.

“ఏమప్పా, ఇందాక నీదే అంటివి?”

బసవరాజు నాలుగడుగులు పక్కకు జరిగాడు. “అనుకున్న్యా సార్.”

“అనుకునేదేంది! రాస్తివా, లేదా?”

“లేదు సార్. ఆ పాపే.”

“సరే. పాప ఫోటో పంపు, జల్దీ.”

సాజియాను గోడ దగ్గర నిలబెట్టి ఒకటి తీశాడు. పడమటి ఎండ ముఖాన కొట్టి కళ్లు మూసేసింది. అదే పంపినా డెస్కులో ఎవరూ అడగరు. రేపు జిల్లా అంతా ఆ పేరు పక్కన మూసిన కళ్లే చూస్తుంది. పంపే గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

“బాగొచ్చిందా సార్?”

“రాలేదు. ఇంకోటి తీస్తా, కండ్లు మూయాకు,” అన్నాడు కసిరినట్టు. ఆమెను చేయి పట్టుకుని నీడలోకి జరిపాడు.