ఉప్పు గుట్టల్లో మంచు ఫోటోలు

మాది బోగోలు మండలం. పెళ్లి ఫోటోలు తీయడం నా వృత్తి. కిందటి ఎండాకాలం ఒక పెళ్లికొడుకు, మంచులో దిగినట్టు ఫోటోలు కావాలన్నాడు. కాబోయే జంటను మా ఊరి ఉప్పు గుట్టల దగ్గరికి తీసుకెళ్లాను. ఆ ఎండలో ఇద్దరూ ఉన్ని కోట్లు వేసుకున్నారు.

మొదటి ఫోటోలో ఉప్పు బూడిదలాగా, ముఖాలు నల్లగా వచ్చాయి. అంత తెలుపు ఎదురైతే కెమెరా మోసపోయి వెలుగు తగ్గించేస్తుంది. నిజం మంచులోనైనా అంతే. ఆ సంగతి చెప్పేలోపే అతను పెళ్లికూతురితో, "ఏంది, ఇంత నల్లగా ఉండావా నువ్వు?" అని నవ్వాడు. ఆ అమ్మాయి తల దించుకుంది.

ఎక్స్‌పోజర్ పెంచి, వెలుగు ఎక్కువ పడేలా మళ్లీ తీశాను. ఈసారి ఉప్పు తెల్లగా వచ్చింది, ఆమె తన చామనఛాయలో చక్కగా పడింది. చూసుకోగానే ఆమె ముఖం విప్పారింది.

"ఇంకా పెంచన్నా, ఈమె తెల్లగా రావాల" అన్నాడతను. పెంచాను. ఆమె ముక్కూ మూతీ వెలుగులో కలిసిపోయి ముఖం పిండిముద్దలా తయారైంది.

"ఇదీ! మావాళ్లకి ఇదే చూపిస్తా" అన్నాడు.

ఆమె కోటు విప్పి అతని చేతిలో పెట్టింది. "అన్నా, రెండో ఫోటోలో ఉండేది నేను. ఈ మూడో ఆమె యాడుందో ఈయన్నే వెతుక్కోమను" అని నాతో చెప్పి, రోడ్డు మీదికి నడిచి ఆటో ఎక్కింది.

అతను కనీసం వెనక వెళ్లలేదు. "పోనీలే అన్నా, నన్నొక్కణ్ణే నాలుగు తియ్యి" అన్నాడు.

కెమెరా సంచిలో పెట్టేశాను. ఆ పెళ్లి ఆగిపోయిందని తర్వాత తెలిసి ఊపిరి పీల్చుకున్నాను గానీ, అతను "పోనీలే" అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.