కుమ్హారీ దారిలో పెళ్ళిచూపులు

కిందటి నెలలో రాయపూరులో కంటి డాక్టరుకి చూపించుకుందామని మనవరాలిని వెంటబెట్టుకుని భిలాయి పవర్‌హౌస్ స్టేషనుకి వెళ్ళాను. రాయపూరు బండి వచ్చి ఆగింది గాని, ఎంత వెతికినా దాని ముందు ఇంజను కనబడలేదు. పెట్టెలన్నీ తమలో తాము మాట్లాడుకుని బయల్దేరి వచ్చేసినట్టుంది. ఇంజనేదే అని అడిగితే మనవరాలు, "అరే నానీ, ఇంజన్ అందర్ హీ హోతా హై" అని పడీపడీ నవ్వింది. లోపల దాక్కునే ఇంజను ఇంజనెలా అవుతుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. నా ఈడువాళ్ళకైతే ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

మా రోజుల్లో దుర్గు నుంచి వచ్చే ప్యాసింజరుకి ఉడికిన బీటురూటు రంగులో, మొహం బల్లపరుపుగా ఉన్న కరెంటు ఇంజను ఉండేది. దాని నెత్తిమీది ఇనుప చట్రం పైనున్న తీగను రాసుకుంటూ అప్పుడప్పుడు నీలంగా ఓ మెరుపు మెరిపించేది. వెనకాల ఇటుకరంగు పెట్టెలు, చెక్క బల్లలు, పైకెత్తితే దిగి రాని, దించితే పైకి పోని కిటికీ తలుపులు, దువ్వెనతో ఓ తోపు తోస్తే గాని తిరగని ఫ్యాన్లు. ఆ ఫ్యానుని తిప్పగలిగినవాడికి పెట్టెలో పెళ్ళికొడుకంత మర్యాద జరిగేది. పెళ్ళికొడుకంటే గుర్తొచ్చింది, అసలు చెప్పదలుచుకున్నది అదే.

అప్పట్లో మేము సెక్టర్ 2లో ఉండేవాళ్ళం. నాన్న ఉక్కు ప్లాంటులో పనిచేసేవారు, నేను దగ్గర్లోనే చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెప్పేదాన్ని. నాకు రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి బొబ్బిలిలో ఉన్న మా మేనత్త తెచ్చినది. ఆవిడ మరిది కొడుకే, బియ్యం మిల్లు ఉంది. రెండోది చరోడా రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళది. అబ్బాయి కరెంటు ఇంజను మీద అసిస్టెంటు డ్రైవరు. ఇద్దరినీ నేను చూసి ఎరగను గాని, భిలాయి వదిలి వెళ్ళి మిల్లు ఊక మధ్య బతకడం మాత్రం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో ఆఖరి మాట మేనత్తదే. నాన్నకి అక్కగారు, పైగా గొంతు పెద్దది.

చరోడా అబ్బాయి రెండుసార్లు చూపులకి వస్తానన్నాడు. రెండుసార్లూ బయల్దేరే వేళకి డ్యూటీ పిలుపు వచ్చి బండెక్కి పోయాడు. మేం చేసిన పకోడీలు రెండుసార్లూ ఇరుగుపొరుగు తిని సంబంధం చాలా మంచిదన్నారు. చివరికి వాళ్ళమ్మగారే ఓ ఉపాయం చెప్పి పంపారు: మావాడు పనిచేసే ప్యాసింజరే మీరు ఎక్కండి, నేను చరోడాలో ఎక్కుతాను, రాయపూరులో దిగి ఇంజను దగ్గర పిల్లాడిని చూద్దురుగాని అని. మా అమ్మకి రైలెక్కితే వాంతులు కాబట్టి నాన్న, మేనత్త, నేను బయల్దేరాం.

బొగ్గు ఇంజను మాత్రమే ఎరిగిన మేనత్తకి ఈ బండి మొదటినుంచీ నచ్చలేదు. "పొగ లేకుండా బండేటిరా తమ్ముడా? బొగ్గెయ్యక్కర్లేకపోతే ఆ కుర్రోడు లోపల ఏటి సేస్తాడు, నిద్దరోతాడా?" అంది. ముందు పెట్టెలు ప్రమాదమని మమ్మల్ని చివరినుంచి రెండో పెట్టెలో ఎక్కించింది కూడా తనే. ఎక్కాక, ఇంత దూరం నుంచి ఇంజను కంటికి ఆనడం లేదని కిటికీ చువ్వలకి మొహం ఆనించి విసుక్కుంది. పట్టుచీరలో నేను, నా కాళ్ళ దగ్గర ఉతై అనే పల్లె నుంచి టమాటాల గంప తెచ్చుకున్న ఓ ముసలమ్మ. పెళ్ళిచూపులకి తగిన వాతావరణమేమీ లేదు.

చరోడాలో అబ్బాయి తల్లి ఎక్కారు. మంచి మనిషి, మాటకారి. కొడుకు కష్టాలు చెబుతూ, "ఏటి చెప్పమంటారు వదినగారూ, ఎవడో తలమాసినోడు గొలుసు లాగుతాడు, మావోడు పాపం ఇంజను దగ్గర్నుంచి ఆ పెట్టె దాకా కంకర మీద నడిచొచ్చి సరిచెయ్యాల" అన్నారు. మేనత్త ఊఁ కొట్టి, పెట్టె నలుమూలలా ఓసారి కళ్ళు తిప్పింది. కాసేపటికి లేచి, సంచిలోంచి తడి తువ్వాలు తీసి, కిటికీపైన ఎర్రగా వేలాడుతున్న గొలుసు మీద ఆరేసి, ముడతలు పోవాలన్నట్టు గట్టిగా కిందికి లాగింది.

కుమ్హారీ ఇంకా రాలేదు. చక్రాలు కీచుమన్నాయి, పెట్టె ఒక్క కుదుపు కుదిపింది, నాన్న ఎదుటివాళ్ళ ఒళ్ళో కూర్చున్నారు, గంప పల్టీ కొట్టి టమాటాలు బల్లల కిందికి పరుగులు తీశాయి. ముందుగా గార్డు వచ్చి, "కిస్‌నే ఖీంచా?" అని, గొలుసు లాగిందెవరో చెప్పమని అరిచాడు. మేనత్త అమాయకంగా తువ్వాలు చూపించింది. అంతలో చేతులనిండా నల్లటి గ్రీజుతో, ఎండకి కందిన మొహంతో ఓ సన్నపాటి కుర్రాడు ఎక్కి, మొదట తల్లిని చూసి తెల్లబోయి, తరవాత నన్ను చూసి ఇంకా తెల్లబోయాడు.

"నువ్వేనా నాయనా? ఏటి సదివావు?" అంది మేనత్త, గార్డు అక్కడ లేనట్టే.

"కుదుపుకి ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?" అన్నాడు ఆ అబ్బాయి, అందరినీ అడుగుతూ నావైపు చూసి. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని బల్లల కింద చెయ్యి పెట్టి ముసలమ్మ టమాటాలు ఏరడం మొదలెట్టాడు. గార్డు గడియారం చూపించి కేకలేస్తున్నాడు, తల్లి కళ్ళతో సైగలు చేస్తున్నారు, ఇతను మాత్రం గంప నింపి గాని లేవలేదు. అప్పుడు మేనత్తతో, "జరిమానా కట్టాలండీ, నేను తప్పించలేను" అని నెమ్మదిగా చెప్పాడు. దిగబోతూ నన్ను ఇంకోసారి చూడబోయి, మెట్టు తప్పి కంకర మీద చతికిలబడ్డాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అతనూ కూర్చున్నచోటునుంచే నవ్వాడు.

"లఇకా బనే హే, దాయీ" అంది గంప ముసలమ్మ. పిల్లాడు మంచివాడని ఆవిడ తీర్పు. మేనత్త ఒప్పుకోలేదు. "కాబోయే అత్తోరికి జరిమానా ఏసినోడు అల్లుడేటి? టమాటాలేరుకునీవోడు డ్రైవరేటి? మిల్లు సంబంధమే కాయం" అని రాయపూరు దాకా సణిగింది. నాన్న నావైపు చూశారు. జన్మలో మొదటిసారి ఆవిడకి ఎదురు చెప్పాను: "నాకు ఈ అబ్బాయే నచ్చాడత్తా." పెట్టె మొత్తం విన్నది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

నాన్న రాయపూరులో జరిమానా కట్టారు. పెళ్ళికి రానని శపథం చేసి వెళ్ళిన మేనత్త అందరికన్నా ముందు వచ్చి, వంటవాళ్ళ మీద అరిచి, వియ్యపురాలితో చెట్టపట్టాలేసుకుని తిరిగింది. మావారు తరవాత డ్రైవరై, పెద్ద బండ్లు నడిపి రిటైరయ్యారు. పెళ్ళెలా కుదిరిందని ఎవరడిగినా, ఆలస్యానికి కారణం రాసిచ్చినంత గంభీరంగా "చైన్ పుల్లింగ్" అంటారు.

ఇప్పటి బండి చల్లగా, మెత్తగా, గడియలో రాయపూరు చేరిపోయింది. "జల్దీ పహుంచ్ గయే నా నానీ?" అని మనవరాలు సంతోషపడింది, నేనూ తలూపాను. కాని పవర్‌హౌస్ నుంచీ నా ఎదురుగా నా ఈడుదే ఒకావిడ, ఒళ్ళో పూలదండల సంచి పెట్టుకుని కూర్చుంది. ఎవరింట శుభకార్యమో అడుగుదామని నేను నోరు తెరిచేలోపు తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి, ఆవిడ దిగి జనంలో కలిసిపోయింది.