పన్నెండు నిమిషాల ట్రిప్సిన్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను శామీర్‌పేట దగ్గరి మా కంపెనీ ల్యాబులో కణపొర ప్రొటీన్ల విభాగానికి గ్రూప్ లీడరుగా వేశారు. అప్పటికి నా సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. సుచిత్రలో ఏడుంబావుకు కంపెనీ బస్సెక్కి, ఎనిమిదిన్నరకల్లా తెల్లకోటు తొడుక్కునేదాన్ని. హోదా అయితే పెరిగింది గాని, నా కింద ఉన్నది ఇద్దరే. శ్రీకాంత్, సుజాత.

మా పనేమిటో ముందు చెప్పాలి. కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరలో గుచ్చుకుని, కొంత లోపలికీ కొంత బయటికీ ఉండే ప్రొటీన్లుంటాయి. చాలా మందులు పనిచేసేది వీటి మీదే. మేము ఫ్లాస్కుల్లో కణాలను పెంచి, ఒక్కో కణం మీద ఫలానా ప్రొటీన్ ఎంత ఉందో కొలిచి చెప్పాలి. కణాలు ఫ్లాస్కు అడుగుకు అతుక్కుని పెరుగుతాయి కాబట్టి ట్రిప్సిన్ అనే ఎంజైము పోసి ఊడదీస్తాం. తర్వాత ఆ ప్రొటీన్‌నే పట్టుకుని మెరిసే యాంటీబాడీని కలుపుతాం. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పంపి, ఏది ఎంత మెరిసిందో చూస్తుంది. మెరుపు ఎక్కువైతే ప్రొటీన్ ఎక్కువ.

ఈ పనంతా వరుసగా రాసి, సంతకాలు పెట్టి ఉంచే కాగితాన్ని ఎస్.ఓ.పి. అంటారు. ల్యాబులో అది వేదం. ఈ పరీక్ష ఎస్.ఓ.పి. రాసింది నేనే. చివరి పేజీలో నా సంతకం చూసుకుని అప్పుడప్పుడూ మురిసిపోయేదాన్ని కూడా.

సుజాతది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇల్లు. మేడ్చల్‌లో డిగ్రీ చదివింది. పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లయి, కుత్బుల్లాపూర్‌లో ఉంటూ ఆరేళ్ళు మాత్రల ప్యాకింగులో పనిచేసింది. మా దగ్గర ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరింది. ఆ గడువు ఆగస్టు చివరికి ముగుస్తుంది. పర్మనెంట్ చేయాలో వద్దో రాయాల్సింది నేను. "గిది వోతే మళ్ళ ప్యాకింగే మేడం. నిలవడి నిలవడి కాళ్ళు గుంజుతయి" అని నేను వచ్చిన రోజే చెప్పేసింది. అడుక్కున్నట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

నేను చేరిన మొదటి వారంలోనే ఆమె శాంపిల్‌లో కణాలు ముద్దలుగా ఉండి యంత్రం సన్నగొట్టం మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేయడానికి సగం రోజు పట్టింది. కొత్త హోదా వేడి మీదున్నాను కదా, ముద్దలుంటే యంత్రాన్ని ముట్టుకోవద్దని అందరి ముందూ గట్టిగానే అన్నాను. ఆ తర్వాత ఆమె శాంపిల్‌లో ఒక్క ముద్ద లేదు. నా మాట పనిచేసిందనుకున్నాను.

ఆగస్టు మొదట్లో చిక్కు మొదలైంది. ఒకే రోజు, ఒకే రకం ఫ్లాస్కులు ఇద్దరికీ ఇస్తే, సుజాతకు వచ్చిన విలువ శ్రీకాంత్ విలువలో సగం కూడా లేదు. మూడుసార్లు చేయించాను. యాంటీబాడీ మార్పించాను. యంత్రం దగ్గర ముందు ఆమెను, తర్వాత అతన్ని కూర్చోబెట్టి చూశాను. ఏం మారలేదు. ట్రిప్సిన్ మీద అనుమానంగా ఉందని సుజాత అన్నప్పుడు ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అనుకున్నాను. నాకూ ఒక కారణముంది. ట్రిప్సిన్ ప్రొటీన్లను కోసేదే అయినా, ఇక్కడికి రాకముందు పాత ల్యాబులో నేను కొలిచిన ప్రొటీన్‌ను కోయలేకపోయేది. దీన్నీ కోయదనుకుని, మళ్ళీ పరీక్షించకుండానే ఎస్.ఓ.పి. రాసేశాను.

ఇంకో ఆధారం నా బల్ల మీదే ఉంది. కణాలను ఫ్లాస్కులోనే కరిగించి మొత్తం ప్రొటీన్‌ను చూసే పరీక్ష కూడా ఇద్దరూ చేశారు. అందులో ట్రిప్సిన్ వాడం. అక్కడ ఇద్దరి ఫలితాలూ ఒక్కటే. చూసి, సరిపోయిందని రాసి, పక్కన పెట్టాను. ఎందుకు సరిపోయిందని అడగలేదు.

లెక్క తప్పితే డీవియేషన్ ఫారం నింపాలి. మూల కారణం దగ్గర గళ్ళుంటాయి. ఆపరేటర్, యంత్రం, రసాయనం, ఇతరములు. ఆపరేటర్ గడిలో టిక్కు పెడితే సుజాత కథ అక్కడితో ముగుస్తుంది. ఫారం ముందేసుకుని కూర్చున్న రోజు మధ్యాహ్నం ఆమె నోటుబుక్కు పట్టుకుని వచ్చింది.

"పది నిమిషాలు ఉంటదా మేడం?"

భోజనం వేళల్లో తనంతట తనే ఒక పరీక్ష చేసింది. ఒకే రకం ఫ్లాస్కుల్లో ట్రిప్సిన్‌ను రెండు, నాలుగు, ఎనిమిది, పన్నెండు నిమిషాలు ఉంచి కొలిచింది. సమయం పెరిగేకొద్దీ అంకె దిగిపోతోంది. ఐదో ఫ్లాస్కులో ట్రిప్సిన్ లేదు. కణాల పట్టును మాత్రమే వదిలించే చల్లటి ద్రావణంతో ఓపిగ్గా ఊడదీసింది. దాని విలువ అన్నింటికన్నా ఎక్కువ, శ్రీకాంత్ విలువకన్నా కూడా ఎక్కువ.

నేను కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే తనే చెప్పింది. "మా అవ్వ చేపకు బూడిద రాసి గీకుతది మేడం. గీకినంక మీద పొలుసులెన్ని ఉన్నయని లెక్కవెడితే ఏముంటయి? మనం గదే చేస్తున్నం."

పన్నెండు నిమిషాలు ఎందుకు ఉంచుతున్నావని అడిగాను.

"మీరే చెప్పిన్రు గద మేడం, ముద్దలుంటే ముట్టుకోవద్దని. ఒక్కొక్కటి ఇడిపోయేదాక ఉంచుతున్న."

ఎస్.ఓ.పి. తెరిచాను. 'కణాలు పూర్తిగా విడిపోయేవరకు' అని ఉంది. నిమిషాలు లేవు. గురివింద గింజ సామెత నా కోసమే పుట్టినట్టనిపించింది. శ్రీకాంత్‌ను పిలిచి, నీ 'పూర్తిగా' ఎంతసేపని అడిగాను. రెండు నిమిషాలకే అరచేత్తో ఫ్లాస్కును నాలుగు దెబ్బలు కొడతానన్నాడు. "క్యాంటీన్ల చపాతీలు అయిపోతయి మేడం" అని కారణం కూడా చెప్పాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నా నవ్వులో సిగ్గు పాలు ఎక్కువ.

మర్నాడు ఐదో ఫ్లాస్కు పద్ధతిలో ఇద్దరితోనూ విడివిడిగా చేయించాను. అంకెలు పక్కపక్కనే వచ్చాయి. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. సుజాత కూడా శ్రీకాంత్‌లాగే తొందరపడే మనిషి అయితే ఇద్దరి విలువలూ కలిసేవి. ఆ తప్పుడు అంకెను సంతోషంగా సంతకం చేసి పంపేదాన్ని. చెప్పింది అక్షరాలా పాటించిన మనిషి వల్లే తప్పు బయటపడింది, అలా పాటించినందుకే ఆమె ఉద్యోగం ఊడబోయింది.

ఫారంలో 'ఇతరములు' గడి ఎదురుగా ఎస్.ఓ.పి.లోనే లోపం ఉందని రాసి, రాసిన వ్యక్తి అన్నచోట నా పేరు వేశాను. క్వాలిటీ విభాగం వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేసి, నిజంగానే రాశారా అని అడిగారు. అదే సాయంత్రం సుజాత కాగితం మీద పర్మనెంట్ చేయమని సంతకం పెట్టాను. చెబితే "మంచిది మేడం" అని, ఇన్‌క్యుబేటర్‌లో ఫ్లాస్కులున్నాయంటూ వెళ్ళిపోయింది. కొత్త ఎస్.ఓ.పి. ఆమే రాసింది. అందులో ట్రిప్సిన్ లేదు, ద్రావణం ఎంతసేపు ఉంచాలో నిమిషాల్లో ఉంది. నేను రిటైరైన రోజుకు కూడా దాని చివరి పేజీలో ఆమె సంతకమే ఉంది.

నేను నేర్చుకున్నది ఒకటే. ఇద్దరు ఒకే పని చేసి రెండు జవాబులు తెస్తే, వాళ్ళ చేతులను చూడకముందు వాళ్ళకిచ్చిన కాగితాన్ని చదవాలి, అది మనం రాసిందైతే మరొక్కసారి చదవాలి.