పేరు చెప్పని ప్రార్థన మనవి

ఉత్తరాది కార్ఖానా పేట గోల్‌మురిలోని మా తెలుగు క్రైస్తవ సంఘాన్ని ఒకసారి నేను ఒంటిచేత్తో కూల్చబోయాను. గునపం పట్టలేదు. మోకాళ్ల మీద ఉండి, కళ్లు మూసుకుని, ఎంతో భక్తిగా కూల్చబోయాను.

అప్పటికి ఎనభయ్యో దశకం మొదలైంది, నాకు ఇరవై రెండేళ్లు వచ్చాయి. కార్ఖానాలో అప్రెంటిస్‌ని, సంఘంలో యవ్వనస్థుల కార్యదర్శిని. కార్ఖానాలో నన్నెవరూ లెక్కచేయరు గనుక, సంఘంలో అందరినీ సరిచేసే పని నెత్తికెత్తుకున్నాను.

మాకు ప్రతి బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి క్వార్టర్‌లో ప్రార్థన కూటం జరిగేది. అందులో ప్రార్థన మనవులు చెప్పుకోవాలి. ఎవరైనా తప్పుదారిలో ఉంటే పేరు చెప్పకూడదు, 'ఒక సహోదరుడు', 'ఒక సహోదరి' అనాలి. పేరు చెబితే చాడీ, చెప్పకపోతే ఆత్మల భారం. ఇంత సదుపాయమైన ఏర్పాటు ఇంకే లోకంలోనైనా ఉందేమో మీరే చెప్పాలి.

ఒక శనివారం మధ్యాహ్నం సైకిల్ ట్యూబు కోసం జుగ్సలాయి బజారుకు వెళ్లాను. అక్కడ మా రత్నమ్మగారు కనిపించింది. ఆమె మా సంఘపు బైబిల్ ఉమన్. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, రోగుల్ని చూడడం ఆమె పని. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ ఉద్యోగం, గుడి వెనక గది, అంతే ఆమెకున్నది. అలాంటి మనిషి కొంగు తలమీద కప్పుకుని, అటూ ఇటూ చూసి, గబుక్కున ఒక గుమ్మంలో దూరింది. పైన బోర్డు మీద ఇంత అరచెయ్యి బొమ్మ! జాతకాలు చెప్పే పండిట్‌జీ ఇల్లది!

నా సైకిల్ ఆగింది, నా ఊపిరీ ఆగింది. 'ఏమమ్మా, ఇక్కడేం పని?' అని అడిగితే సరిపోయేది. అదేమిటో, ఆ రోజు నా నోరు పడిపోయింది. బుధవారానికి శుభ్రంగా బాగైపోయింది.

"ఒక సహోదరి గురించి నాకెంతో భారంగా ఉంది" అన్నాను, గొంతు వణికిస్తూ. "పేరు చెప్పను. జుగ్సలాయిలో జాతకాలాయన ఇంటికి రహస్యంగా వెళ్తున్నది. ప్రభువు ఆమె కళ్లు తెరవాలి."

గదిలో ఒక్కరూ ఆమేన్ అనలేదు.

మర్నాడు తెల్లవారకుండానే సంఘపెద్దగారి భార్య ఎలీసమ్మక్క మా పెరటి తలుపు కొట్టింది.

"తమ్ముడూ, నాను ఎల్లింది ఒక్కపాలే. పిల్ల సంబందం గురించి. మీ బావకి సెప్పకు, నీకు దండం ఎడతాను."

నేను నిర్ఘాంతపోయాను. తేరుకునేలోగా, సాయంత్రం మా పాటల నాయకుడు జయరాజు దారికి అడ్డంగా సైకిల్ నిలిపాడు. చొక్కా గుండీ విప్పి పండిట్‌జీ కట్టిన తాయెత్తు చూపించాడు.

"యార్, బాత్ బాహర్ నహీ జానీ చాహియే. ఈ మాట బయటికి పోకూడదు. ఇది ఇయ్యాలే తీసెత్తన్నా."

"నేను సహోదరి అన్నాను గదన్నా!"

"నన్ను దాయడానికి ఆడమనిషిని సేసి సెప్పేవనుకున్నాను!"

ఒక్క మనవికి ఇన్ని చేపలు పడతాయని ఎవరనుకున్నారు? శుక్రవారం ఎలీసమ్మక్క మళ్లీ వచ్చింది. "నాను కానా? మరెవులు? ప్రార్దన సెయ్యాలంతే తెలవాలి గదా!" అంది. ప్రార్థన కోసమే కదా అని రత్నమ్మగారి పేరు ఆమె చెవిలో వేశాను.

సాయంత్రానికి ఆ పేరు పక్కపేట అగ్రికో చేరింది. శనివారానికి రత్నమ్మగారు జుట్టు విరబోసుకుని నిమ్మకాయలు కూడా కోసేసింది. నేను చూసింది గుమ్మం మాత్రమే. లోపలి సరంజామా అంతా జనమే సమకూర్చారు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు అందరినీ కూర్చోబెట్టారు. నిజమని తేలితే ఆమె ఉద్యోగం పోతుంది, గదీ ఖాళీ చేయాలి. పాస్టరుగారు నన్ను లేపి నిలబెట్టారు.

"బాబూ, కళ్లారా చూశావా?"

"లోపలికి వెళ్లడం చూశానండి."

"లోపల ఏం చేసింది?"

"అది... చూడలేదండి."

రత్నమ్మగారు నెమ్మదిగా లేచింది.

"ఎల్తన్నానయ్యా. ఆ పంతులుగారి తల్లి మంచం పట్టి ఆర్నెల్లయింది. ఒల్లంతా పుల్లు. ఎవులూ దగ్గిరకెల్లరు. శనివారం శనివారం ఎల్లి కడిగి కట్టు కడతన్నాను. ఇలాటివి సెప్పుకుంతారేటి?"

"సాచ్చికం ఎవులు?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నాను" అంటూ ఒకావిడ లేచి నిలబడింది. తిరిగి చూసి బెంచీ గట్టిగా పట్టుకున్నాను. మా అమ్మ!

"ఈ వొదిన ముసిల్దాని పుల్లు కడగతంటే నా కల్లతో సూసేను."

పాస్టరుగారు నోరు తెరిచారు. "నువ్వెందుకు వెళ్లావమ్మా అక్కడికి?"

"ఈడి గురించేనండి. ఈడి ఉద్దోగం పర్మినెంటు ఎప్పుడవుద్దో అడగడానికి ఎల్లేను. తప్పే. నా తప్పు దాసుకుని ఆ మనిసిని బలి సెయ్యలేను."

ఎలీసమ్మక్క ఉండబట్టలేకపోయింది. "పంతులు ఏటన్నాడొదినా?"

"ఉద్దోగం మాటేటీ సెప్పలేదు. 'మీవోడు నోటితోనే కొంపలు ముంచుతాడు' అన్నాడు. దొంగ ఎదవ, డబ్బులకోసం వాగతన్నాడనుకున్నాను." అమ్మ నావైపు చూసింది. "పాస్టరుగారూ, జాతకాలు నమ్మకూడదని మీరు సెప్పిందే నిజం. మరి ఇప్పుడు నానేటి సెయ్యాల?"

పాస్టరుగారు ముగింపు ప్రార్థన రెండు ముక్కల్లో ముగించేశారు. సంఘ చరిత్రలో అదే మొదటిసారి.

రత్నమ్మగారి ఉద్యోగం నిలిచింది. ఆమె కాళ్లమీద పడి ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, సిగ్గుతో చచ్చిపోయాను. "లేవరా నాయనా. ఆ గుమ్మంలోకి నువ్వూ వత్తే సరిపోయేది" అంది, అంతే.

కనుక పాఠకులారా, మీ అందరి ఎదుట నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఎవరిని ఏ గుమ్మంలో చూసినా ముందు వాళ్లనే అడుగుతాను. ప్రార్థనలో కళ్లతోపాటు నోరు కూడా మూసుకుంటాను. ఆత్మల భారం మరీ ఆపుకోలేకపోతే, ఒకే ఒక్క పాపి కోసం, పేరు, ఇంటిపేరు, క్వార్టర్ నంబరుతో సహా చెప్పి, గట్టిగా ప్రార్థిస్తాను. ఆ పేరు నాదే, ఆ క్వార్టర్ మాదే.