కార్లా మాటిలా అడగని ఒక్క మనిషి

మోకాలి నొప్పికని వెళ్లిన నన్ను, చచ్చిపోవాలని ఉందా అని అడిగింది కార్లా మాటిలా. కాఫీలో పాలు పొయ్యమంటారా అన్నంత మామూలుగా అడిగింది. నా చేతిలో టోపీ జారి కింద పడింది.

ఆ రోజు డాక్టర్ ప్రిచెట్ నా మోకాలు అటూ ఇటూ వంచి చూసి, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అన్నాడు. పట్టడం లేదన్నాను. పట్టకపోతే ఏం చేస్తుంటారన్నాడు. వంటింట్లో కూర్చుని కిటికీలోంచి మంచు పడటం చూస్తుంటానన్నాను. ఆయన ఇంకో మాట లేకుండా నన్ను లేవదీసి, నడవా వెంట నడిపించి, చివరి గదిలో అప్పగించాడు. "ఈయన లైల్ టర్కాట్. నేవీలో చేశాడు. మోకాలు నేను చూసుకుంటాను, మిగతా మనిషిని నువ్వు చూసుకో."

మా మాజీ సైనికుల క్లినిక్‌లో పద్ధతే అది. మనసు సంగతి చూపించుకోవడానికి ఇంకో రోజు రండి, ఇంకో ఊరు వెళ్లండి అంటే మావాళ్లు చచ్చినా వెళ్లరు. అందుకని కాలి నొప్పికో, చక్కెర జబ్బుకో వచ్చినవాణ్ని వచ్చినట్టే పక్క గదికి నడిపిస్తారు. అక్కడ సోషల్ వర్కర్ కార్లా ఉంటుంది. తలుపు దగ్గరి కుర్చీ ఎప్పుడూ వచ్చినవాడిదే. తను లోపలి మూలకి కూర్చుంటుంది. పారిపోవాలనిపించినవాడికి దారిలో తను అడ్డం ఉండకూడదట.

నేను ఓడల్లో వంట చేసినవాణ్ని. నేవీ వదిలాక సరుకు ఓడల మీద సగం ప్రపంచం తిరిగాను. ఏ ఓడలోనైనా సరే, ఏ దేశపు నావికులైనా సరే, మునగడం అన్న మాట పైకి అనరు. మా ఊరూ అంతే. సుపీరియర్ సరస్సు ఒడ్డున, అమెరికాలో మిషిగన్ రాష్ట్రం పైకొనలో, ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఊరు. ఇక్కడ ఎవరైనా తన చేతులతో తను పోతే, తుపాకి తుడుస్తుంటే పేలిందంటారు. నేను తిరిగొచ్చి స్థిరపడ్డాక అలా తుడుస్తూ పోయినవాళ్లు చాలామంది. "ఇంత శుభ్రంగా తుపాకులు తుడుచుకునే ఊరు భూమ్మీద ఇంకోటి లేదు లైల్ గారూ" అని కార్లా ఒకసారి అంది. నవ్వబోయి ఆగిపోయాను. ఆమె అన్న కూడా అలా తుడుస్తూ పోయినవాడే.

అప్పుడామె స్కూలు బస్సు నడిపేది. అన్న సైన్యం నుంచి వచ్చి రెండు చలికాలాలు ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాడు. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. అతను పోయాక ఆమె బస్సు వదిలి చదువుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చింది. బస్సు నేర్పిన పాఠం మాత్రం వదల్లేదు. అద్దంలో చూసుకోవలసింది అల్లరి చేసేవాణ్ని కాదు, నోరు మూసుకుని కిటికీ పక్కన కూర్చున్నవాణ్ని అనేది. నిజానికి నన్ను పట్టింది ఆ పాఠమే. ఆ రోజు ఆమె ప్రశ్నకి నేను లేదనలేదు, అవుననలేదు. "ఇంట్లో తుపాకి ఉందా?" అంది. మా తమ్ముడు నాకు వదిలిపోయినది ఉందన్నాను.

"అది మీదే. ఎవరూ లాక్కోరు. కొన్నాళ్లు వేరే ఇంట్లో పడుకుంటుంది, అంతే."

"వేరే ఇల్లంటే?"

"వెర్న్ కాంగస్ తెలుసుగా?"

వెర్న్ తెలియనివాళ్లెవరు! ఎడారి యుద్ధంలో ట్యాంకు నడిపాడు. ఇప్పుడు చలికాలమంతా మంచు తోసే బండి నడుపుతాడు. భార్య ఐలీన్ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. హోటల్లో అతను ఉంటే కాఫీ చల్లారిపోతుంది, తాగనివ్వడు, నవ్విస్తూనే ఉంటాడు. క్లినిక్‌కి చక్కెర పరీక్షకొస్తే నర్సులకి జింక మాంసపు సాసేజీలు పట్టుకొస్తాడు. అతని షెడ్డులో నిలువెత్తు ఇనప బీరువా ఉంది. మనసు బాగోలేని ప్రతివాడి తుపాకీ, కార్లా మాట మీద, ఆ బీరువాలోకే వెళ్లేది. మళ్లీ బయటికి రావాలన్నా ఆమె సరేననాలి. అదీ వాళ్ల ఒప్పందం.

నాది తీసుకెళ్లినప్పుడు వెర్న్ తలుపు తీస్తూ, "రా పెద్దాయనా. నీ తుపాకి చూస్తే మీ తాతదిలా ఉంది. పేల్చినా ముందు అదే చస్తుంది" అన్నాడు. నవ్వుతూ లోపల పెట్టాడు. అక్కడే నించుని అతనికి నా కథంతా చెప్పాను. అందరూ అలాగే చెప్పేవారట. తుపాకి ఇచ్చినవాడు ఊరికే పోడు కదా. లోపలిది కూడా అక్కడే దించుకుని పోతాడు. మాలాగే సైన్యంలో చేసిన డార్విన్ బెలాంజే అయితే, ఒక మధ్యాహ్నమంతా ఆ షెడ్డులో ఏడ్చానని తనే నాతో చెప్పాడు.

నేను కోలుకున్నాను. మోకాలు మాత్రం అలాగే ఉంది. దాని కోసమే పోయిన నవంబరులో, జింకల వేట మొదలయ్యే ముందు, మళ్లీ క్లినిక్‌కి వెళ్లాను. నడవాలో కార్లా నిలబడి పాస్టీ తింటోంది. మాంసం, బంగాళాదుంపలు కూరిన ఆ పెద్ద రొట్టెకజ్జికాయ మీద మావాళ్లు కొందరు గ్రేవీ పోసుకుంటారు, కొందరు కెచప్ పోసుకుంటారు. ఈ రెండు పార్టీల మధ్య పెళ్లి సంబంధాలు కూడా కుదరవు. ఆమెది కెచప్ పార్టీ. దాని మీద ఒక విసురు విసిరి, మాటల్లో మాటగా చెప్పాను.

"మన వెర్న్ లాంటివాడు ఉండడమ్మా. మా తమ్ముడి తుపాకి శుభ్రంగా తుడిచి, నూనె రాసి, ఇంటికే తెచ్చిచ్చాడు."

ఆమె నమలడం ఆపింది. "మీది ఎందుకిచ్చాడు? మీరు వేటాడరుగా."

"నాదొక్కటే కాదు, అందరివీ ఇచ్చేశాడు. డార్విన్‌కి నిన్న ఇచ్చాడట. సీజన్ కదా."

"నన్ను అడగలేదే!"

"బిజీగా ఉన్నావేమో అనుకుని ఉంటాడు."

"బీరువాలో ఇంకేం లేవా?"

"ఖాళీ. గాలాడనిద్దాం పెద్దాయనా అన్నాడు."

పాస్టీ ఆమె చేతిలోంచి కిటికీ గట్టు మీదికి ఎప్పుడు వెళ్లిందో చూడలేదు.

"లైల్ గారూ, ఎవరైనా ఇంట్లో తుపాకితో పోతే షెరీఫ్ ఏం చేస్తాడు?"

"ఏముంది, ఇంట్లో ఉన్న తుపాకులన్నీ పట్టుకెళ్తాడు."

"మళ్లీ ఎప్పుడిస్తాడు?"

"నెలలు పడుతుంది. అందులో ఇంకొకరివి కలిస్తే మరీ కష్టం. సీజన్ కాస్తా అయిపో..."

అప్పుడర్థమైంది నాకు. తను పోయాక స్నేహితుల వేట పాడవకూడదని వెర్న్ ఎవరి తుపాకి వాళ్లింటికి చేర్చాడు. తుడిచి, నూనె రాసి మరీ చేర్చాడు. నేనేమో థాంక్స్ చెప్పి కాఫీ ఇచ్చి పంపాను.

వెర్న్ ఫోనెత్తలేదు. షెరీఫ్‌కి చెప్పమని ప్రిచెట్ గదిలోకి ఒక కేకేసి, ఆమె కోటు కూడా తొడుక్కోకుండా కారు వైపు పరిగెత్తింది. పక్క సీట్లో నేనెక్కాను. దిగమనలేదు. దారంతా ఒక్క మాటే పదే పదే అంది. "అతన్ని నేనెప్పుడూ అడగలేదు. లైల్ గారూ, అతన్ని నేనెప్పుడూ అడగలేదు."

వెర్న్ ఇంటి వెనక సౌనా పొగగొట్టంలోంచి తెల్లగా పొగ లేస్తోంది. మాలో ఫిన్లండు మూలాల వాళ్లందరికీ ఆ కర్ర గది ఉంటుంది. పొయ్యి మీద రాళ్లు ఎర్రగా కాల్చి, నీళ్లు చల్లి, ఆవిరిలో కూర్చుంటారు. కానీ శనివారం సాయంత్రాలు చేసే స్నానం అది. ఇప్పుడు మంగళవారం మిట్టమధ్యాహ్నం.

తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని, గడ్డం నున్నగా గీసుకుని, ఒంటి మీద ఆవిరి లేస్తూ వెర్న్ బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం బొమ్మలా అయిపోయాడు. వెంటనే ముఖానికి నవ్వు తగిలించుకున్నాడు.

"ఏం తల్లీ, పట్టపగలు మగాడి స్నానానికొచ్చావ్! పైగా ఈ ముసలాయన్ని కాపలా తెచ్చుకున్నావా?"

నేను నవ్వాను కూడా. అలవాటు అంత చెడ్డది.

కార్లా నవ్వలేదు. "వెర్న్ గారూ, చచ్చిపోదామనుకుంటున్నారా?"

"అబ్బో! నర్సు ప్రతిసారీ అడుగుతుందిగా. లేదని చెబుతూనే ఉన్నాను."

"నర్సు కాదు. నేను అడుగుతున్నాను."

అతను తువ్వాలు గట్టిగా పట్టుకున్నాడు. నవ్వు మెల్లగా ఊడిపోయింది. కింద ఉన్న ముఖం నాకు తెలియని మనిషిది.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇన్నేళ్లూ నా షెడ్డుకి ఎంతమందిని పంపావు తల్లీ! ఒక్కసారైనా, నీకెలా ఉంది వెర్న్ అన్నావా?"

"మీరు ఎప్పుడూ నవ్వుతూ..."

"అవునని చెబితే నా బీరువా వాడనిచ్చేదానివా? చెప్పు. డార్విన్‌ది ఎక్కడ పెట్టేదానివి? ఈ పెద్దాయనది ఎక్కడ పెట్టేదానివి? వీళ్లంతా ఎక్కడికి పోయేవాళ్లు?" తర్వాత చాలా తేలిగ్గా, వాతావరణం చెబుతున్నట్టు అన్నాడు. "అవును. ఇవాళే."

కార్లా అక్కడే, మంచు కప్పిన కట్టెల దొంతర మీద కూలబడింది. ఎన్నో ఇళ్లలో, ఎన్నో గదుల్లో ఈ మాట విని చలించని మనిషి ఆమె. వెర్న్‌కే జాలేసినట్టుంది.

"లే తల్లీ. గడ్డకట్టుకుపోతావ్. కోటు కూడా లేదు."

"బట్టలు వేసుకోండి. నాతో ఆసుపత్రికొస్తున్నారు."

"రానంటే?"

"నేను ఇక్కణ్ణుంచి లేవను. ఈ చలికి కాళ్లు పోతాయి. రేపట్నుంచి నన్ను ఎత్తుకుని తిప్పాలి మీరు."

"నిన్నా? నా నడుం ఊరుకోదు" అన్నాడు. అని, గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. అతని ఏడుపు నాకు దెబ్బలా తగిలింది. అంత పెద్ద మనిషి, తువ్వాలుతో, మంచులో.

తుపాకి ఎక్కడుందని కార్లా అడిగితే, సౌనాలో బట్టలు మార్చుకునే గదిలో బెంచీ కిందని చెప్పాడు. నేను వెళ్లి తూటాలు తీసేశాను. ఈలోగా షెరీఫ్ పంపిన పోలీసు వచ్చి దాన్ని తన బండిలో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో మిగిలిన తుపాకి అదొక్కటే. ఆమె వెర్న్‌ని తన కారులోనే ఎక్కించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

పొయ్యి ఆర్పడానికి నేను ఉండిపోయాను. బట్టల గదిలో కొక్కేనికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేలాడుతోంది. కింద మెరిసేలా తుడిచిన బూట్లు. నాకు మా అమ్మమ్మ చెప్పినది గుర్తొచ్చింది. పూర్వం మావాళ్లలో పోయినవాళ్లని సౌనాలోనే కడిగి కొత్త బట్టలు వేసేవారట. వెర్న్‌కి కడిగేవాళ్లెవరూ లేరు. అందుకని తనే ముందుగా కడుక్కున్నాడు. ఇంకొకరికి ఆ శ్రమ కూడా ఉండకూడదనుకున్నాడు. వేడి రాళ్ల మీద నీళ్లు పోస్తే సుయ్యిమని ఆవిరి ముఖాన కొట్టింది. చాలాసేపు బయటికి రాలేకపోయాను.

మర్నాడే కార్లా ఇల్లిల్లూ తిరిగింది. వెర్న్ ఇచ్చిన ప్రతి తుపాకి ఎక్కడుందో, దాని పక్కన ఉన్న మనిషి ఎలా ఉన్నాడో చూసుకుంది. నాది, డార్విన్‌ది వేటసామాను కొట్టువాడి తాళంగదికి వెళ్లాయి. పంపేముందు ఆ కొట్టువాణ్ని కూడా కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగింది. అతను బిత్తరపోయాడు. చేతిలో చిల్లర నేల మీద పడిందట.

వెర్న్ క్రిస్మస్‌కి ముందు తిరిగొచ్చాడు. హోటల్‌కి వస్తున్నాడు. కానీ జోకులు లేవు. మూలన కూర్చుని సూప్ తాగుతాడు. టీవీ గొంతు తగ్గించమంటాడు. ఎవరైనా పలకరిస్తే ఒక్కోసారి పలకడు. అతను లేకపోతే నవ్వడం ఎలాగో మాకు తెలియలేదు. ఒక రోజు కార్లా కాఫీకొస్తే డార్విన్ పట్టుకున్నాడు.

"ఇదేం మనిషిని తెచ్చిచ్చావు? మా పాత వెర్న్‌ని మాకిచ్చెయ్."

"పాత వెర్న్‌నిస్తే మీరు పూడ్చిపెట్టాలి డార్విన్ గారూ" అంది, కాఫీ గ్లాసు మూత బిగిస్తూ.

వెర్న్ సూప్ గిన్నెలోంచి తలెత్తాడు.

"ఇవాళ బాగోలేదు నాకు" అన్నాడు. అందరూ వినేటట్టు, చికాగ్గా, పన్ను నొప్పెడుతోందన్నట్టు. మాలో ఎవరూ ఎప్పుడూ ఆ చోట అనని మాట.

కార్లా కదల్లేదు, మా వైపే చూస్తూ నిలబడింది. ముందుగా డార్విన్ లేచాడు. తన కంచం, కెచప్ సీసా పట్టుకుని వెళ్లి వెర్న్ పక్కన నిలబడ్డాడు.

"జరుగు" అన్నాడు. "ఎప్పట్నుంచి?"