మక్క పాము బేరం

చిన్నప్పుడు నా చేతులు బీడీలు చుట్టడానికే సరిపోయాయి. పలక పట్టే తీరిక ఎవరూ ఇవ్వలేదు. మస్కట్ వచ్చి, ఒక తెలుగువాళ్ల ఇంట్లో వంట చేస్తూ, జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇప్పటిదాకా రాయలేదు.

ఆ ఇంటి అమ్మాయిని పాకే వయసు నుంచి సాకింది నేనే. కాలేజీకి వచ్చాక పామును పెంచుకుంటానంది. వాళ్లమ్మ, "ఆంటీని తీస్కపో. ఆమె సరే అంటేనే కొనుడు" అని నా మీదికి నెట్టింది. పల్లెటూరిదాన్ని గనక నాకు పాములు తెలుసనుకుంది. నాకు తెలిసింది పారిపోవడమే. నేను సరే అన్న పాము రేపు పిల్లను కరిస్తే?

మేముండే బౌషర్ నుంచి కారులో రూవిలోని పెంపుడు జంతువుల కొట్టుకు వెళ్లాం. కొట్టతనిది కడప వైపు. నారింజ రంగు పామున్న గాజు పెట్టె చూపించి, "కొత్తోళ్లకు ఇదే మేలు అక్కా. కార్న్ స్నేక్" అన్నాడు.

"అంటే?"

"మక్క పాము, ఆంటీ" అంది అమ్మాయి నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. మా ఊళ్లో మక్కచేలో నేను చూసింది నాగుపామునే.

"ఏ చేన్లకెళ్లి పట్టుకొచ్చినవ్ దీన్ని?"

"చేనేంది అక్కా, ఇది డబ్బాలోనే పుట్టింది. ఠండా మాల్, కోపమే ఉండదు."

పామును తీసి అమ్మాయి అరచేతిలో పెట్టాడు. తాడుముక్కలా పడి ఉంది. వేలితో తాకాను. చల్లగా తగిలింది. పీతలను కోసే ముందు, కాళ్లు ఆడించకుండా నేనూ కాసేపు ఫ్రీజర్లో పెడతాను. కొట్టులో మూలన ఒక ఫ్రిజ్ ఉంది.

"అండ్ల ఏమున్నయ్?"

"ఎలకలు. దీని తిండి."

తలుపు తీసి చూపించాడు. కవర్లలో గడ్డకట్టిన ఎలుకపిల్లలు. ఎలుకలు పట్టినచోట పాము పట్టదా?

"దీన్ని జర ఎండల పెట్టు, చూస్త."

"మస్కట్ ఎండలోనా! సచ్చిపోతాది అక్కా. ఏసీలో ఉంది గాబట్టి సల్లగుంది. రేపు పొద్దున రాండి, వేడి బల్బు కింద పెట్టి ఉంచుతా."

సరే అనలేదు, పామును తిరిగి ఇప్పించి అమ్మాయిని బయటికి తీసుకొచ్చాను.

"నీకు అన్నిటి మీద అనుమానమే. కోడిగుడ్డును గూడ నీళ్లల్ల ఏసి చూస్తవ్" అని అమ్మాయి కారెక్కి, తలుపు ధడేలున వేసింది.

మర్నాడు పొద్దున ఒక్కదాన్నే బస్సెక్కి, అతను షట్టర్ ఎత్తేసరికి అక్కడున్నాను. పెట్టె బల్బు కిందే ఉంది. గాజు వెచ్చగా ఉంది.

"ముందుగాల నా చేతి మీద పెట్టు" అన్నాను.

ఈసారి అది తాడులా లేదు. నాలుక ఆడిస్తూ, మణికట్టు చుట్టుకుని, మోచేతి దాకా పాకింది. ఒళ్లంతా చెమట పట్టినా చెయ్యి తియ్యలేదు. అది కరవలేదు. రెండో చేత్తో అమ్మాయికి ఫోన్ చేసి రమ్మన్నాను.

"పాప వచ్చేలోగా పెట్టెలో ఏస్తా, ఇయ్యి అక్కా" అన్నాడతను.

ఇవ్వలేదు. అందులోంచి మళ్లీ ఏ పామును తీసి ఇస్తాడోనని, దాన్ని చేతికి చుట్టుకునే కూర్చున్నాను.