గట్టుకు పెట్టిన బంతి

పోయిన నెలలో బెజవాడ పటమటలో మా ఇంటికి రెండు వీధుల అవతల కొత్తగా ఒక ఫుట్‌బాల్ మైదానం తెరిచారు. మైదానమంటే మన తరంవాళ్లు ఊహించుకునేది కాదు. పాత కల్యాణమండపం పడగొట్టిన స్థలంలో పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ పైదాకా వల కట్టి, గంటకింత అని అద్దెకిచ్చే చోటు. దాన్ని నడిపే కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర ఆట నేర్చుకున్నవాడే, ఇప్పుడు తనూ కోచ్. ప్రారంభానికి నన్ను పిలిచి, శాలువా కప్పి, ఒక పక్కన వాలుగా నిలబెట్టిన చెక్కపలకల వరస దగ్గరికి తీసుకువెళ్లి, వాటి పైన నా పేరు రాయించిన బోర్డు చూపించాడు. ఆ పలకలకు బంతి కొట్టి, అది పైకెక్కి వంపు తిరిగి దిగేలోగా పరుగెత్తి అందుకోవడం నేను ముప్పై ఏళ్లపాటు పిల్లల చేత చేయించిన సాధన. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడ్డాను గానీ శాలువా కింద ఒళ్లంతా చెమట పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడా చెప్పకుండా తప్పించుకు తిరిగాను గనక కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది గన్నవరం దాటాక, ఏలూరు కాలువ నుంచి చీలిన ఒక పంటకాలువ ఒడ్డున ఉన్న ఊరు. ఎండాకాలం వచ్చిందని తెలియడానికి మాకు క్యాలెండర్ అక్కర్లేదు, కాలువ కట్టేస్తే చాలు. పైన లాకులు మూసిన నాలుగు రోజులకు నీళ్లు గుంటల్లోకి దిగేవి, చేపల కోసం ఊరంతా బురదలోకి దిగేది, చేపలు అయిపోయాక పెద్దవాళ్లు గట్టెక్కి వెళ్లిపోయేవారు, వారం పదిరోజులకు అడుగున ఒండ్రు ఆరి పెచ్చులు కట్టేది. అప్పుడు కాలువ మాది. చేలల్లో ఆడదామంటే మాగాణి పగుళ్లూ, కోసిన దుబ్బులూ; ఊళ్లో ఆడదామంటే ఎవరి పెంకులు పగులుతాయోనని తిట్లు. మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు పారేయబోయిన తోలు బంతినొకదాన్ని మా బావ అడిగి తెచ్చాడు. ఎన్నిసార్లు కుట్టించినా మళ్లీ ఏదో ఒక పక్క నోరు తెరిచే ఆ బంతికి తోలు మెత్తబడాలని వాడు రోజూ ఆముదం రాసేవాడు. తలకు రాసుకోవడానికి చుక్క మిగల్చడం లేదని మా మేనత్త సీసా దాచిపెట్టేది, అది ఎక్కడ దాచిందో బావకు ఎప్పుడూ తెలిసిపోయేది.

బావ అంటే ఆ మేనత్త కొడుకే, నాకంటే రెండేళ్లు పెద్ద. చిన్నప్పటినుంచీ మా అక్కకు వాడేనని ఇళ్లల్లో అనుకునేవారు, ఆ ధీమాతో నాకు నిక్కరు తొడుక్కోవడం రాకముందే నన్ను బామ్మర్దీ అని పిలవడం మొదలుపెట్టాడు. కాలువ అడుగు వెడల్పు ఎంతని? రెండెడ్లబండ్లు పక్కపక్కన పోలేవు. అంత ఇరుకులో ఎదుటివాణ్ణి తప్పించి బంతి తీసుకుపోవడం ఎవరివల్లా కాదు. బావ తప్పించేవాడు కాదు, బంతిని గట్టుకు పెట్టేవాడు. అది వాలు మీదికి కొంత ఎక్కి, వంపు తిరిగి, అడ్డం వచ్చినవాడి వీపు వెనక ఎక్కడో దిగేది. అది దిగే వేళకు బావ అక్కడ ఉండేవాడు. నేను ఎన్నిసార్లు చేసినా బంతి దిగేది ఒకచోట, నేను తేలేది ఒకచోట. చివరికి ఒక మధ్యాహ్నం నా చెవి పట్టుకుని, "బంతినేం చూస్తావురా బామ్మర్దీ, అదేమన్నా పెళ్లికూతురా? అది దిగే చోటు చూడు!" అన్నాడు. ఆ తరువాత నేను పెద్ద పెద్ద శిక్షణ సంస్థల్లో చదివిన చదువంతా ఆ ఒక్క ముక్కకు వ్యాఖ్యానమే.

ఆ ముక్కతోనే నేను బెజవాడలో కాలేజీ జట్టుకు, అక్కణ్ణించి యూనివర్సిటీకి, ఆపైన రాష్ట్రానికి ఆడాను. ఆటగాళ్ల కోటాలో ఒక పెద్ద సంస్థలో ఉద్యోగమూ వచ్చింది. ఇరవై నాలుగో ఏట మోకాలు పోయింది. ఉద్యోగం పోకుండా ఉండాలంటే కోచ్ అవమన్నారు, శిక్షణకు ఉత్తరాదికి పంపారు. ఒక ఏడాది అక్కడ ఉండి, డిప్లొమాతో, మెడలో విజిల్‌తో, చేతిలో స్టాప్‌వాచ్‌తో తిరిగొచ్చాను. నాతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది, దానికి పేరు ఇప్పుడు పెట్టగలను: సిగ్గు. కాలువలో ఆడి పైకొచ్చానని అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే కాలేజీ పేరు చెప్పేవాణ్ణి.

బావకు ఆ కాలేజీ యోగం లేకపోయింది. వాళ్ల నాన్న, మా మామయ్య, హఠాత్తుగా పోవడంతో పదో తరగతితో ఆపేసి, హనుమాన్ జంక్షన్‌లో లారీలకు చేపల పెట్టెలు ఎత్తే పనిలో చేరాడు. అక్కను చేసుకున్నాడు. సాయంత్రాలు మాత్రం ఆడేవాడు. చుట్టుపక్కల పందేల్లో వాడు ఏ జట్టులో ఉంటే ఆ జట్టుకు ఎదురులేదని చెప్పుకునేవారు. నేను కోచ్‌గా వచ్చిన ఏడే మా సంస్థ నలుగురు ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంటామని ప్రకటన ఇచ్చింది. వయసు పరిమితి ప్రకారం బావకు అదే ఆఖరి అవకాశం. అక్క నాకు ఉత్తరం రాసింది. సిఫారసు చేయమని రాయలేదు, ఆయన వస్తున్నాడు, ఎండలో నిలబెట్టకుండా చూడు అని మాత్రం రాసింది.

ఆ రోజు ఎంపికకు నాతోపాటు ఒక పెద్ద అధికారి కూర్చున్నారు. పందిరి కింద రెండు కుర్చీలు, ఒక బల్ల, నాకొక కొత్త టోపీ. గేటు దగ్గర బావ కనిపించాడు. భుజాన గుడ్డసంచి, కాళ్లకు ఎవరినో అడిగి తెచ్చుకున్న బూట్లు. బూట్లు తప్పనిసరి అని ప్రకటనలో రాయించింది నేనే. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుని చెయ్యెత్తాడు, బామ్మర్దీ అని కేకేయడానికి నోరు తెరిచాడు. నేను తల వంచి కాగితాల్లో పడ్డాను. చెయ్యి అలాగే దిగిపోయింది. అధికారి చూశారు.

"ఎవరండీ, మీకు తెలిసినవాడా?" అన్నారు.

"మా ఊరి వైపు మనిషేనండీ" అన్నాను.

ఇంతే. అబద్ధం కూడా కాదు. కానీ బావ పందిరికి నాలుగడుగుల దూరంలో బూట్ల తాళ్లు బిగించుకుంటున్నాడు, ఆ వేళ్లు కాసేపు ఆగి మళ్లీ కదలడం నేను చూశాను.

చెప్పులు కూడా సరిగ్గా ఎరగని పాదాలవి, వెడల్పయినవి. ఆ బూట్లలో మొదటి పావుగంట బావ కుంటుతూ పరుగెత్తాడు, బంతి ఒకచోటికి అనుకుంటే ఇంకొకచోటికి పోయింది. తరువాత గీత పక్కకు వచ్చి, రెండూ విప్పి పక్కన పెట్టి, వట్టికాళ్లతో లోపలికి వెళ్లాడు. మడమల మీద నెత్తురు చారలు. ఆ పది నిమిషాల ఆట గురించి ఇప్పటికీ నిద్రలో కూడా వర్ణించగలను. ఎవరూ లేని ఖాళీలోకి బంతి పంపేవాడు, అందరూ తప్పనుకునే లోపల జట్టువాడొకడు అక్కడికి చేరేవాడు, లేకపోతే తనే పంపి తనే అందుకునేవాడు. గట్టు లేని మైదానంలో గట్టు ఉన్నట్టే ఆడాడు. అధికారికి ఆట పెద్దగా తెలియదు గానీ కళ్లున్నాయి. బాగా ఆడుతున్నాడండీ, ఆడనివ్వండి చూద్దాం, బూట్లదేముంది, అలవాటవుతాయి అన్నారు. ఆయన అన్నారు! నేను లేచి విజిల్ ఊదాను.

"రూల్ రూలేనండీ. బూట్లు లేకుండా ఆడితే కుదరదు" అని, బావను చేత్తోనే బయటికి రమ్మన్నాను.

చుట్టాన్ని తీసుకున్నానని మాట వస్తుందేమోనని భయపడి అలా చేశానని ఆ తరువాత ఏళ్ల తరబడి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నిజమైతే ఇంత బాధ ఉండేది కాదు. నిజమేమిటంటే, వాడు నాకంటే గొప్ప ఆటగాడు, జట్టులో ఉంటే నెల తిరక్కుండా అందరికీ తెలిసిపోయేది. నా ఆట ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసేది. ఆ టోపీ కింద ఉన్నది కాలువలో బురద తొక్కిన కుర్రాడని తెలిసేది. అది దాచుకోవడానికి మా అక్క ఇంట్లోకి రావలసిన నెలజీతాన్ని నేను విజిల్ ఊది ఆపేశాను.

అందరూ వెళ్లిపోయాక సైకిల్ స్టాండు వెనక బావ నాకోసం నిలబడి ఉన్నాడు. ఎవరూ చూడకుండా ఉండాలని అక్కడ నిలబడ్డాడని నాకు అర్థమైంది. సంచిలోంచి ఒక డబ్బా తీసి, మీ అక్క జంతికలు పంపిందిరా అని చేతిలో పెట్టాడు. బూట్లు భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు. ఆ జంతికలు నేను తిన్నాను. ఇది కూడా చెప్పాలి, తిన్నాను.

తిడితే బాగుండేది. బావ ఊరికి వెళ్లి ఏం చెప్పాడో తెలుసా? మా బామ్మర్ది నిప్పులాంటివాడు, సొంత బావనని కూడా చూడకుండా రూల్ ప్రకారం పక్కన పెట్టాడు అని రచ్చబండ మీద చెప్పాడట, హనుమాన్ జంక్షన్‌లో లారీ డ్రైవర్లకు చెప్పాడట. మా అక్క అది నమ్మింది. ఊరు నమ్మింది. అది పాకి పాకి మా ఆఫీసుకూ వచ్చింది. ముక్కుసూటి మనిషినని నాకు పేరొచ్చింది, ఆ పేరుతో ఎంపిక సంఘాల్లోకి పిలిచారు, రాష్ట్ర జట్టును అప్పగించారు. పిల్లలకు ఖాళీలోకి బంతి పంపడం నేర్పాల్సివచ్చినప్పుడు వడ్రంగిని పిలిచి వాలు పలకలు చేయించాను. ఇది మీకెలా తట్టింది సార్ అని అడిగితే, ఆలోచించగా తట్టింది అనేవాణ్ణి. బావ పెట్టెలు ఎత్తుతూ ఎత్తుతూ నడుం పోయాక చేపల చెరువుల దగ్గర కాపలాకు కుదిరాడు. పండక్కూ పబ్బానికీ కలిసేవాళ్లం. ఆట మాట ఎప్పుడూ వాడు ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు.

పోయిన వారం కంటి శుక్లాల ఆపరేషన్ కోసం బావనూ అక్కనూ మా ఇంటికి తీసుకొచ్చాను. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నడకకు వెళ్తూ, ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, ఆ కొత్త మైదానానికి తీసుకెళ్లాను. మా బావగారని కుర్రవాడికి చెప్పాను. ఈసారి అంతవరకు నయం. బావ ఆ పలకల ముందు చాలాసేపు నిలబడ్డాడు. బోర్డు మీది అక్షరాలు వాడికి ఆనలేదు. చెప్పులు విడిచి, పక్కనున్న బంతిని కాలితో దగ్గరికి లాక్కుని, మెల్లగా పలకకు పెట్టాడు. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగినవాడు, కళ్లు మసకలు. రెండడుగులు పక్కకు వేసి నిలబడ్డాడంతే, బంతి వంపు తిరిగి వచ్చి పాదం కింద చేరింది. ఆడుతున్న పిల్లలు ఆగిపోయి ఈలలు వేశారు.

"ఏంటండీ, ఇంట్లోవాళ్లకి కూడా సార్ నేర్పించేశారా?" అని కుర్రవాడు నవ్వాడు.

బావ నా వైపు చూశాడు. నేను చెప్పడానికి చాలినంత సేపు చూశాడు.

"మరే, ఆయన దగ్గరేనండీ" అన్నాడు.

ఇంటికి నడిచి వస్తున్నాం. మలుపు దగ్గర బావ నా భుజం పట్టుకుని ఆగి, పలకలు బాగున్నాయిరా, కాకపోతే వాలు మరీ నిటారుగా పెట్టించావు, మన గట్టు అంత నిటారుగా ఉండేది కాదు అన్నాడు.

మా పంటకాలువకు ఇప్పుడు రెండు పక్కలా సిమెంటు వేశారు. ఎండాకాలం కట్టేసినా అడుగున గుర్రపుడెక్కా ప్లాస్టిక్ సీసాలూ తప్ప నిలబడే చోటు లేదు. పిల్లలు డబ్బు కట్టి వలలో ఆడుతున్నారు, ఒక్కొక్కరికీ పాదానికి సరిపోయిన బూట్లున్నాయి, వట్టికాళ్లతో వచ్చినవాణ్ణి బయటికి పంపే అవసరం ఎవరికీ రావడం లేదు. అది మంచిదే, నాకు సంతోషమే. కానీ బంతికి ఆముదం రాసి, చెవి పట్టుకుని, పైసా లేకుండా నేర్పేవాడు ఇప్పుడెక్కడైనా ఉన్నాడో లేదో తెలియదు. ఉంటే వాడి పేరు ఎవరో ఒకరు చెబుతారని ఆశ.

మొన్న కుర్రవాడికి ఫోన్ చేసి ఆ బోర్డు తీసేయమన్నాను. తీయనన్నాడు. పైగా మా సార్‌కు గొప్ప అనిపించుకోవడం గిట్టదు అని అందరికీ చెబుతున్నాడట. మళ్లీ అదే కథ. అందుకే ఇది రాశాను. బావ కంటికి కట్టు రేపు ఉదయం విప్పుతారు. చూపు కుదురుకున్నాక ఈ కాగితాలు వాడి చేతికిచ్చి, అక్కను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టి, చదవమంటాను. వాళ్లు చదువుతుంటే ఎదురుగా కూర్చోగలనో లేదో మాత్రం తెలియదు.